కావలి నుంచి వచ్చిన ఎడిటరు

మద్రాసు నుంచి బెజవాడ వెళ్లే రైలు నెల్లూరు దాటాక కావలి, ఒంగోలు, చీరాల వరసగా వస్తాయి. ఇంగ్లీషు పత్రికారంగంలో పేరు తెచ్చుకున్న ముగ్గురు తెలుగువాళ్లది ఈ దారే. ఒంగోలు ప్రాంతం నుంచి టంగుటూరి ప్రకాశం, చీరాల నుంచి కోటంరాజు రామారావు, కావలి నుంచి ఖాసా సుబ్బారావు. మూడో ఆయన పేరు చెబితే నెల్లూరులో కూడా ఎవరాయన అని అడిగేవాళ్లే ఎక్కువ.

సుబ్బారావు 1896 జనవరి 23న పుట్టారు. పత్రికల్లో ఓనమాలు దిద్దుకున్నది ప్రకాశం 1921లో మద్రాసులో పెట్టిన ‘స్వరాజ్య’ దినపత్రికలో. ప్రకాశం బారిస్టరుగా గడించిన ఆస్తంతా దానికే ధారపోశారు. జీతాలకు మాత్రం కటకటే. అయినా ఒక తరం పాత్రికేయులకు అదే బడి. రామారావు కూడా అక్కడ పనిచేశారు. తర్వాత ఆయన ఉత్తరాదికి వెళ్లి, 1938లో లక్నోలో ‘నేషనల్ హెరాల్డ్’కు తొలి సంపాదకుడయ్యారు. 1942లో రాసిన ఒక సంపాదకీయానికి జైలుకు వెళ్లారు.

సుబ్బారావు మద్రాసును వదల్లేదు. జాతీయోద్యమంలో జైలు చూశారు, ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’లో పనిచేశారు. యాభయ్యో పడిలో, 1946లో, ‘స్వతంత్ర’ అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టుకున్నారు. అందులో ‘సోటో వోచే’ శీర్షికను విఘ్నేశ్వర అనే మారుపేరుతో రాసింది ‘హిందూ’ పత్రికకు చెందిన ఎన్. రఘునాథన్. 1948లో వచ్చిన ‘తెలుగు స్వతంత్ర’ బాధ్యత గోరాశాస్త్రిది. ఆయన శీర్షిక పేరు ‘వినాయకుడి వీణ’. అటు ఇంగ్లీషులో, ఇటు తెలుగులో ప్రభుత్వానికి చురకలు పెట్టే పని గణపతికే పడిందన్నమాట!

1956లో సుబ్బారావు మరో ఇంగ్లీషు వారపత్రిక మొదలుపెట్టి, దానికి తన తొలి పత్రిక పేరే పెట్టారు: ‘స్వరాజ్య’. ఈసారి పోరు తెల్లదొరలతో కాదు, లైసెన్సులూ పర్మిట్లూ చేతిలో పెట్టుకున్న సొంత ప్రభుత్వంతో. రాజాజీ అందులో ‘డియర్ రీడర్’ శీర్షిక రాశారు. 1959లో రాజాజీ, రంగా స్థాపించిన స్వతంత్ర పార్టీకి ఆ పత్రికే గొంతు అయింది.

సుబ్బారావు 1961 జూన్ 16న పోయారు. అదే ఏడాది మార్చిలో రామారావు పోయారు. ఆయన పుట్టిందీ 1896లోనే.

రాజకీయాల కోసం పత్రికలు పెట్టిన మనిషి తెలుగు పాఠకులకు మిగిల్చింది మాత్రం సాహిత్యమే అనిపిస్తుంది. తెనాలి హోటళ్లలో పనిచేసిన తమిళుడు ‘శారద’ రాసిన తెలుగు కథలకు ‘తెలుగు స్వతంత్ర’ చోటిచ్చింది. పి. శ్రీదేవి అనే యువ డాక్టరు ‘కాలాతీత వ్యక్తులు’ 1957-58లో ధారావాహికగా వచ్చింది కూడా అందులోనే. ఆ నవల ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ తీశారు.