పుదుచ్చేరి ఫోటోలు చెప్పే లెన్సు పాఠం

టెలిఫోటో జూమ్ కొనేవారు ముందుగా అడిగేది ‘ఎంత దూరం లాగుతుంది?’ అనే. పుదుచ్చేరి ఫోటోల చరిత్ర చూస్తే, ‘ఏ వెలుతురులో, దేనికోసం?’ అన్నదే అసలు ప్రశ్న అనిపిస్తుంది. 1950 ఏప్రిల్‌లో ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్తియే-బ్రెసాన్ ఇక్కడి ఆశ్రమంలో శ్రీ అరవిందులను ఫోటో తీశారు. దశాబ్దాలుగా కెమెరాకు దూరంగా ఉన్న అరవిందులు ఆ ఏడాది డిసెంబరు 5న కన్నుమూశారు. కార్తియే-బ్రెసాన్ ఎక్కువగా వాడింది 50 మిల్లీమీటర్ల లెన్సే. అప్పటికి వేరే దారి లేదు కదా అనవచ్చు. నిజమే, స్టిల్ కెమెరాకు తొలి జూమ్ అయిన ఫోక్ట్‌లెండర్ జూమార్ వచ్చింది 1959లో. కానీ ఆయన వాడిన లైకా కెమెరాకు 200 మిల్లీమీటర్ల టెలిట్ లెన్సు 1935 నుంచే ఉంది. కాబట్టి దగ్గరగా నిలబడటం ఆయన ఎంచుకున్న పద్ధతే.

దగ్గరగా నిలబడాలన్న ఈ వాదన పుదుచ్చేరిలోని ఊసుడు చెరువు పక్షులకు చెల్లదన్న అభ్యంతరం న్యాయమైనదే. 2008లో అభయారణ్యమైన ఆ చెరువులో పక్షి దగ్గరికి వెళితే ఎగిరిపోతుంది. అక్కడ 100-400 మిల్లీమీటర్ల జూమ్ తప్పదు. అయితే 400 దగ్గర ఎఫ్/5.6కే తెరుచుకునే లెన్సుకు, ఎఫ్/2.8 ఉన్న 70-200 మిల్లీమీటర్ల జూమ్‌తో పోలిస్తే నాలుగో వంతు కాంతే అందుతుంది. సాయంత్రపు మసకలో, గుడి మండపంలో, ఫ్రెంచి వీధుల నీడలో ఆ తేడా ఫోటోలో కనిపించి తీరుతుంది. పక్షులే లోకమైనవారు 100-400 కొనండి. ఊరినీ మనుషులనూ తీసేవారికి 70-200 సరైన ఎంపిక.