గుంత అడిగే ప్రశ్న

బస్తరులోకి రాజ్యం ప్రవేశించిన చరిత్రను సాధారణంగా మూడు వస్తువుల చుట్టూ చెబుతారు: అడవి, ఇనుప ఖనిజం, తుపాకి. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటుకు గల కారణాలలో అడవులను రిజర్వు చేసిన విధానం ముఖ్యమైనది. 1968లో కిరండూల్ దగ్గర బైలాడిలా గని ఉత్పత్తి మొదలై, ఖనిజం విశాఖ రేవు మీదుగా జపాను దారి పట్టింది. 2005లో సల్వాజుడుం పుట్టి ఊళ్లను నిలువునా చీల్చింది. ఈ వరుసలో చేరవలసిన నాలుగో వస్తువు ఇంటి వెనుక, నేల లోపల ఉంది. అది మరుగుదొడ్డి గుంత. గుంతలు ఎన్ని తవ్వారో, ఎంత ఖర్చు పెట్టారో ప్రభుత్వం లెక్క చెబుతుంది. నిండిన గుంతను ఎవరు ఖాళీ చేయాలన్న ప్రశ్న మాత్రం ఆ లెక్కల వెలుపలే ఉండిపోయింది.

ఒకప్పుడు కేరళ కంటే విశాలమైన ఒకే జిల్లాగా ఉండి, నేడు ఏడు జిల్లాలుగా విడిపోయిన ఈ నేలలో మురియా, మరియా, ధుర్వా, దోర్లా, హల్బా ప్రజల ఊళ్లు గుంపుగా ఉండేవి కావు. ఇళ్ల మధ్య దొడ్లు, దొడ్ల మధ్య చెట్లు, ఊరి చుట్టూ అడవి. బస్తరు సంస్థానంలో పరిపాలకుడిగా పనిచేసిన గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన గ్రంథంలో కొండ మరియాల పెంద సాగును వర్ణించాడు. పొలంతో పాటు ఊరు కూడా కొన్నేళ్లకొకసారి చోటు మారే జీవితం అది. అటువంటి చోట మలం ఒక్క దగ్గర పోగుపడదు. పోగుపడనిదాన్ని ఎత్తిపోసే మనిషి అవసరం లేదు. మైదానపు పట్టణాలలో పొడి మరుగుదొడ్లు ఒక కులం తలమీద పెట్టిన పాకీ పని ఈ అడవి గ్రామాలలో వేళ్లూనలేదు.

దీనిని స్వర్ణయుగంగా చిత్రించనక్కరలేదు. వానాకాలంలో వాగుల్లోకి, చెలమల్లోకి దిగే మలినం, దానితో వచ్చే విరేచనాలు, చీకట్లో బయటికి వెళ్లే స్త్రీల భయం, పాముకాట్లు, ఇవన్నీ ఆ జీవితంలో భాగమే. మరుగుదొడ్డి కావాలనడంలో వివాదం లేదు. ఏ మరుగుదొడ్డి అన్నదే వివాదం. ఎందుకంటే ప్రతి రకపు గుంతా తనతో పాటు ఒక సామాజిక ఏర్పాటును వెంటబెట్టుకుని వస్తుంది.

సెప్టిక్ ట్యాంకు పుట్టిల్లు ఐరోపా. ఫ్రాన్సులో జాన్ లూయీ మురాస్ కట్టిన గుంతకు 1881లో పేటెంటు వచ్చింది. ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరంలో డొనాల్డ్ కామెరాన్ 1895 ప్రాంతంలో దానిని మెరుగుపరచి, కుళ్లించేది అన్న అర్థం వచ్చే సెప్టిక్ అన్న పేరు పెట్టాడు. భారతదేశంలో 20వ శతాబ్ది తొలి సంవత్సరాలలో హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో దాని వాడకం పెరిగింది. వేల మంది కూలీలు ఒక్కచోట పనిచేసే స్థలానికి అది యజమాన్యాలకు చౌకగా దొరికిన పరిష్కారం.

ఆ యంత్రాంగంలో రహస్యమేమీ లేదు. గాలి చొరబడని తొట్టిలో మలం నిలుస్తుంది. బరువైనది అడుగున మడ్డిగా దిగుతుంది, తేలికైనది పైన తెట్టెగా తేలుతుంది, మధ్యనున్న నీరు బయటికి పోతుంది. సూక్ష్మజీవులు మడ్డిలో కొంత భాగాన్ని జీర్ణం చేస్తాయి, మొత్తాన్ని చేయలేవు. మిగిలినది ఏటేటా పేరుకుంటుంది. బయటికి వచ్చే నీరు కూడా శుద్ధమైనది కాదు. దానికి ఇంకుడు గుంత ఉండి తీరాలి. అంటే సెప్టిక్ ట్యాంకు మలాన్ని మాయం చేయదు, కొన్నేళ్లపాటు దాచిపెడుతుంది. ఎవరు తీయాలన్న ప్రశ్నను వాయిదా వేస్తుంది.

ఆ ప్రశ్నకు నేరుగా జవాబు వెతికిన మరో పాయ ఈ దేశంలోనే ఉంది. 1932లో రత్నగిరి జైలులో అప్పాసాహెబ్ పట్వర్ధన్ తనను పాకీ పని చేయనివ్వాలని నిరాహారదీక్షకు దిగారు. అగ్రకులస్థుడికి ఆ పని ఇవ్వడం కుదరదన్నది జైలు నియమం. ఎరవాడ జైలు నుంచి గాంధీ ఆయనకు తోడుగా దీక్ష పట్టారు. 1950వ దశకంలో బస్తరుకు ఈశాన్యాన, పశ్చిమ ఒడిశాలోని బార్పాలీలో అమెరికన్ క్వేకర్ల సేవా సంస్థ నడిపిన గ్రామ ప్రాజెక్టులో సిమెంటు బేసిన్, నీటి మూత ఉన్న చౌక మరుగుదొడ్డి రూపుదిద్దుకుంది. 1970లో బిందేశ్వర్ పాఠక్ స్థాపించిన సులభ్ సంస్థ జంట గుంతల పద్ధతిని దేశమంతటా ప్రచారం చేసింది.

జంట గుంతల తర్కం సరళమైనది. ఒక గుంత నిండగానే దారిని రెండో గుంతకు మళ్లిస్తారు. మొదటిదానిని కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్లు మూసి ఉంచుతారు. ఆలోగా నీరు నేలలోకి ఇంకి, రోగకారక క్రిములు నశించి, మలం వాసన లేని ఎరువుగా మారుతుంది. దానిని ఇంటివారే పారతో తీసి చేనులో వేసుకోవచ్చు. లారీ అక్కరలేదు, కూలి అక్కరలేదు, కులం అక్కరలేదు.

గనుల చరిత్ర ఈ తేడా విలువను చూపిస్తుంది. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల కాలనీలలో పొడి మరుగుదొడ్లు ఉండేవి. వాటిని ఎత్తిపోసే పని దళితుల మీద పడింది. అక్కడి పాకీ కార్మికుల కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఆ దొడ్లను కూలగొట్టించే పోరాటంతో ప్రజాజీవితంలోకి వచ్చారు. 1990వ దశకం మధ్యలో సఫాయి కర్మచారీ ఆందోళన్ నిర్మాణంలో ముఖ్యుడయ్యారు. ఆ ఉద్యమానికి ఆంధ్రప్రదేశ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ అండగా నిలిచారు. వేలాది మందిని ఒకచోటికి చేర్చే పరిశ్రమ, వారి మలాన్ని తీసే మనుషులను కూడా వెతుక్కుంటుందన్నది కోలారు పాఠం. కిరండూల్, బచేలీ టౌన్‌షిప్‌లతో, వాటి చుట్టూ పెరిగిన బస్తీలతో ఆ పాఠం బస్తరుకూ వర్తించింది.

ఊళ్లు అదే దారి పట్టడానికి యుద్ధం కారణమైంది. 2005 తరువాత దోర్నపాల్, ఎర్రబోరు వంటి రోడ్డుపక్క శిబిరాలలోకి గ్రామాలకు గ్రామాలనే తరలించారు. అడవిలో విడివిడిగా బతికిన కుటుంబాలు వరుస గుడిసెలలో కిక్కిరిశాయి. లోపలి ఊళ్లలో బడులు ధ్వంసమయ్యాక దంతెవాడ, బీజాపూర్, సుక్మా జిల్లాలలో వెదురు పలకలతో పోటా కేబిన్ల పేరిట ఆశ్రమ పాఠశాలలు లేచాయి. ఒక్కొక్క ఆవరణలో వందలాది పిల్లలు. సల్వాజుడుం ప్రత్యేక పోలీసుల నియామకం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తుపాకుల సంగతి కోర్టు తేల్చింది. మనుషులను గుంపుగా చేర్చినందువల్ల పుట్టిన పారిశుద్ధ్య సమస్య నేలలోనే మిగిలింది.

2011 జనగణన నాటికి ఛత్తీస్‌గఢ్ గ్రామీణ కుటుంబాలలో సుమారు ఏడింట ఒక వంతుకే ఇంటి ఆవరణలో మరుగుదొడ్డి ఉంది. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మిషన్ మొదలై ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించింది. 2016 ఫిబ్రవరిలో రాజ్‌నంద్‌గావ్ జిల్లా సభలో, మేకలు అమ్మి మరుగుదొడ్డి కట్టించిన ధమ్తరీ జిల్లా వృద్ధురాలు కున్వర్ బాయికి ప్రధానమంత్రి పాదాభివందనం చేశారు. ఆ దృశ్యంలో నిజాయితీ ఉంది, సందేశమూ ఉంది. కానీ ప్రచారం కట్టడం దగ్గరే ఆగింది. గోడలు, తలుపు, పేరు రాసిన పలక ఫొటోకు అందుతాయి. గుంత అందదు. జంట గుంతలు ప్రభుత్వ సిఫారసుల్లో ఉన్నా దేశంలో పలుచోట్ల ఒంటి గుంతే వచ్చింది. ఒంటి గుంతలను జంట గుంతలుగా మార్చే కార్యక్రమాన్ని 2022లో కేంద్రమే చేపట్టవలసి రావడం అందుకు సాక్ష్యం.

ఆ మిషన్‌కు ఆరు నెలల ముందే, 2014 మార్చి 27న, సఫాయి కర్మచారీ ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఒక హెచ్చరిక చేసింది. 1993 నుంచి మురుగు కాలువలలో, సెప్టిక్ ట్యాంకులలో చనిపోయిన వారందరి కుటుంబాలను గుర్తించి 10 లక్షల రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. అంటే లక్షల గుంతలు తవ్వబోయే సంవత్సరంలోనే గుంతలు మనుషులను మింగుతున్నాయని దేశానికి అధికారికంగా తెలుసు. తెలిసిన సంగతి ప్రణాళికకు మూలం కాలేదు.

ఇక ఎంపిక సంగతి. భారతీయ ప్రమాణాల సంస్థ 1985 నాటి నియమావళి ప్రకారం ఐదుగురి కుటుంబానికి సెప్టిక్ ట్యాంకు ఒకటిన్నర మీటర్ల పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, ఒక మీటరు నీటి లోతు ఉంటే చాలు. ఆచరణలో చాలామంది దీనికి ఎన్నోరెట్లు పెద్దది కడతారు. ఉత్తర భారత గ్రామాలను అధ్యయనం చేసిన డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో వెలువరించిన పుస్తకంలో దీనికి కారణం చెప్పారు. గుంత తీయడం అంటరాని పని అన్న భావన వల్ల, తన జీవితకాలంలో నిండని గుంత కావాలని కుటుంబం కోరుకుంటుంది. పెద్ద ట్యాంకు ఇంజనీరింగు అవసరం కంటే కుల భయానికి కొలత. ఆ భయం అంతగా లేని ఆదివాసీ గ్రామానికి ఆ కొలతను అప్పగించడం విచిత్రమైన ఎగుమతి.

బస్తరు నేలకు జంట గుంతలు చాలాచోట్ల సరిపోతాయి. ఐదారుగురి ఇంటికి ఒక మీటరు వ్యాసం, ఒక మీటరు లోతు ఉన్న రెండు గుంతలు, వాటి మధ్య కనీసం ఒక మీటరు ఎడం. గోడకు రంధ్రాలున్న సిమెంటు వరలు లేదా జాలీ ఇటుక కట్టడం. ఒక్కసారికి రెండు లీటర్ల నీరు చాలు. చేతిపంపు నుంచి బిందెతో నీళ్లు మోసే స్త్రీకి ఈ లెక్క చిన్నది కాదు. ఎర్రరాయి గట్టిగా ఉన్న మెట్టమీద లోతు తగ్గించి వెడల్పు పెంచాలి. ఇంద్రావతి, శబరి పరీవాహకంలో వానాకాలంలో నీరు పైకి ఉబికే పల్లంలో గుంతను నేలకంటే ఎత్తుగా లేపి, వరల చుట్టూ అర మీటరు మందాన సన్నని ఇసుక నింపాలి. తాగునీటి బావికి, చెలమకు కనీసం 10 మీటర్ల దూరం పాటించాలి. రెండు గుంతలకూ ఒకేసారి దారి వదిలితే మొత్తం ఏర్పాటే వృథా. అప్పుడవి రెండు నోళ్లున్న ఒంటి గుంత.

పిల్లల వసతిగృహానికి, ఆసుపత్రికి, జగదల్‌పూర్ వీధిలోని ఇరుకు ఇంటికి ట్యాంకు తప్పకపోవచ్చు. అప్పుడు లోపల అడ్డుగోడ, టీ పైపులు, గాలిగొట్టం, తీయదగిన మూతలు, ఇంకుడు గుంత ఉండాలి. ఆ ఇంకుడు గుంత తాగునీటికి 18 మీటర్ల లోపు ఉండరాదు. యాసిడ్లు, ఫినాయిలు ధారాళంగా పోస్తే పనిచేసే సూక్ష్మజీవులే చస్తాయి. గుడ్డపేలికలు, ప్లాస్టిక్ వేయరాదు. రెండు మూడేళ్లకొకసారి యంత్రంతో మడ్డి తీయించి, కొంత విత్తనంగా వదలాలి. మనిషి దిగరాదు. మూత తెరవగానే బయటపడే మీథేన్‌కు నిప్పు తగిలితే పేలుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాఢంగా ఉన్నప్పుడు ముక్కు వాసన పట్టే శక్తిని కోల్పోతుంది, ఒకటి రెండు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు. కాపాడటానికి దిగిన రెండోవాడూ అలాగే పోతాడు. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని ట్యాంకులోకి దించితే మొదటిసారే రెండేళ్ల జైలు, 2 లక్షల రూపాయల జరిమానా వరకు 2013 చట్టం శిక్ష నిర్దేశించింది. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు మరణ పరిహారాన్ని 30 లక్షలకు పెంచింది. అదే నెల మొదట్లో జగదల్‌పూర్ వేదికగా నగర్నార్ ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైంది.

బస్తరు రాజవంశం తన మూలపురుషుడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చాడని చెప్పుకుంటుంది. ఆ ఓరుగల్లు నగరపాలక సంస్థ 2016లో సెప్టిక్ ట్యాంకుల మడ్డిని తీయడానికి, తరలించడానికి నిబంధనలు చేసుకుంది. నగరానికి అది సాధ్యం. లారీ వెళ్లడానికి దారి, మడ్డిని శుద్ధి చేయడానికి కేంద్రం, రుసుము కట్టే గృహస్థు అక్కడ ఉన్నారు. వానాకాలంలో వాగు దాటలేని అబూజ్‌మాడ్ ఊరికి ఆ లారీ రాదు. లారీ రాని చోట ట్యాంకు కట్టించడమంటే, ఏదో ఒకరోజు ఒక పేదవాడిని తాడుతో దించడానికి ఇప్పుడే ఏర్పాటు చేయడం.

ఐదో షెడ్యూలు కింద ఉన్న ఈ నేలలో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం అధికారం ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ దానికి నిబంధనలు చేయడానికి 2022 దాకా పట్టింది. ఖనిజం, భూమి విషయంలో ఆ అధికారం కోసం జరిగే పెనుగులాట అందరికీ తెలుసు. ఇంటి వెనుక గుంత కూడా ఆ చర్చలోకి రావాలి. నేల తీరు, నీటి మట్టం, బావి దూరం ఊరివారికి తెలిసినంతగా రాయపూర్ కార్యాలయానికి తెలియవు. ఏ నమూనా కట్టాలో, నిండినప్పుడు ఎవరు, ఏ పనిముట్టుతో తీయాలో కట్టకముందే గ్రామసభ తీర్మానించాలి. ఆ రెండో సమాధానం లేని మంజూరు పత్రం మీద సంతకం పడకూడదు.

ఈ దేశం బస్తరు నుంచి అడవిని, ఇనుమును తీసుకుంది. పాకీ పని ఎరుగని ఆ ఊళ్లకు బదులుగా పాకీ పనిని ఇవ్వడం ఏ అభివృద్ధి నిఘంటువులోనూ ఇమడదు.