కౌంటీ వివాహ లైసెన్సు, వివాహ రికార్డు (అమెరికా)

అమెరికాలో పెళ్లికి ముందు ప్రభుత్వం నుంచి తీసుకోవలసిన అనుమతిపత్రాన్ని వివాహ లైసెన్సు అంటారు. పెళ్లయ్యాక అదే పత్రం సంతకాలతో ఆఫీసుకు తిరిగి చేరి రిజిస్టరైతే వివాహ రికార్డు అవుతుంది. ఆ రికార్డుకు ప్రభుత్వ ముద్రతో ఇచ్చే నకలునే అందరూ మ్యారేజ్ సర్టిఫికెట్ అంటారు. లైసెన్సు చేతికి వస్తే పెళ్లి రిజిస్టరైపోయినట్టేనని చాలామంది పొరబడతారు. పెళ్లి చేసుకోవచ్చని మాత్రమే లైసెన్సు చెబుతుంది. పెళ్లి జరిగిందని చెప్పేది రిజిస్టరైన రికార్డు.

పెళ్లి చట్టాలు అక్కడ రాష్ట్రాల చేతిలో ఉన్నాయి. దేశం మొత్తానికి ఒకే వివాహ రిజిస్టరు లేదు. రాష్ట్రానికి దిగువన ఉండే పాలనా విభాగాన్ని కౌంటీ అంటారు, దేశంలో ఇవి 3,000కు పైగా ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో లైసెన్సు ఇచ్చేదీ, రికార్డు భద్రపరిచేదీ కౌంటీయే. ఆఫీసు పేరు మాత్రం ఊరికో తీరు. కాలిఫోర్నియా, టెక్సస్, ఇల్లినాయిస్‌లలో కౌంటీ క్లర్క్ ఇస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో కౌంటీ ఆడిటర్, జార్జియాలో ప్రొబేట్ కోర్టు, వర్జీనియాలో సర్క్యూట్ కోర్టు క్లర్క్ ఇస్తారు. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్‌లలో ఈ పని కౌంటీది కాదు, పట్టణాలు, నగరాల ఆఫీసులది.

మన పద్ధతికీ దీనికీ తేడా ముందు వెనకల్లో ఉంది. హిందూ వివాహ చట్టం, 1955 కింద పెళ్లి ముందు జరుగుతుంది, ఆ తర్వాత దంపతులు సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్లి నమోదు చేయించుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ముందుగా ఆఫీసు గడప తొక్కాల్సింది ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద చేసుకునేవారే, వాళ్లు 30 రోజుల నోటీసు ఇవ్వాలి. అమెరికాలో మామూలుగా అందరికీ ఆఫీసే ముందు. కాలిఫోర్నియాలో లైసెన్సు లేకుండా గుడిలో ఎంత శాస్త్రోక్తంగా పెళ్లి జరిపినా అది చట్టం దృష్టిలో పెళ్లి కాదు. లైసెన్సు లేకుండానే, భార్యాభర్తలమని ఒప్పుకుని అలాగే చెప్పుకుంటూ కలిసి కాపురం చేసేవారిని దంపతులుగా గుర్తించే పద్ధతిని ఆ రాష్ట్రం 1895లోనే తీసేసింది. టెక్సస్ మాత్రం అలాంటి వివాహాన్ని ఇప్పటికీ గుర్తిస్తుంది, దానికి కౌంటీ క్లర్క్ దగ్గర డిక్లరేషన్ కూడా దాఖలు చేసుకోవచ్చు.

లైసెన్సు తీసుకోవడం

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ కాలిఫోర్నియా పద్ధతి చూస్తే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి. వధూవరులిద్దరూ కలిసి క్లర్క్ ఆఫీసుకు వెళ్లాలి. శాన్ హోసేలో శాంటా క్లారా కౌంటీది, ఓక్లండ్‌లో అలమీడా కౌంటీది, నార్వాక్‌లో లాస్ ఏంజెలెస్ కౌంటీది ప్రధాన ఆఫీసు. ఫొటో ఉన్న గుర్తింపు పత్రం చూపాలి, పాస్‌పోర్టు సరిపోతుంది. పౌరసత్వం అడగరు, ఆ రాష్ట్రంలో నివాసం ఉండాలన్న నియమమూ లేదు. కాబట్టి హెచ్-1బి వీసా మీద ఉన్నవారైనా, చదువుకుంటున్నవారైనా తీసుకోవచ్చు. ఒకప్పుడు అడిగిన రక్త పరీక్ష ఇప్పుడు లేదు. దరఖాస్తులో తల్లిదండ్రుల పుట్టింటి పేర్లు, వాళ్లు పుట్టిన దేశం, అంతకుముందు పెళ్లి ఉంటే అది ముగిసిన తేదీ రాయాలి. ఈమధ్యే విడాకులైతే కొన్ని కౌంటీలు కోర్టు డిక్రీ చూపమంటాయి. 18 ఏళ్లు నిండనివారికి కోర్టు అనుమతి కావాలి.

లైసెన్సు అక్కడికక్కడే ఇస్తారు, 90 రోజులు చెల్లుతుంది, రాష్ట్రంలో ఏ ఊళ్లోనైనా పెళ్లి చేసుకోవచ్చు. ముహూర్తం పెట్టుకునే కుటుంబాలు తమ రాష్ట్రం లెక్క ముందే చూసుకోవాలి, ఎందుకంటే ఈ వెసులుబాటు అంతటా లేదు. టెక్సస్‌లో లైసెన్సు తీసుకున్నాక 72 గంటలు ఆగాలి. సైన్యంలో పనిచేస్తున్నవారికీ, పెళ్లికి ముందు ఇచ్చే శిక్షణ తరగతి పూర్తిచేసినవారికీ మినహాయింపు ఉంది. శనివారం ముహూర్తానికి శుక్రవారం తీసుకున్న లైసెన్సు డాలస్‌లో ఉన్న మిగతావారికి పనికిరాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోనూ పెన్సిల్వేనియాలోనూ మూడు రోజుల నిరీక్షణ ఉంది. ఇల్లినాయిస్‌లో మర్నాటి నుంచి చెల్లుతుంది, అదీ ఇచ్చిన కౌంటీ హద్దుల్లోనే. వీటికి పూర్తిగా భిన్నం నెవాడా: నిరీక్షణ లేదు, గడువు ఏడాది, లాస్ వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీ ఆఫీసు అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది.

కాలిఫోర్నియాలో మరో రకం లైసెన్సు ఉంది. 1878 నాటి చట్టంతో మొదలైన ఈ గోప్య వివాహ లైసెన్సును అప్పటికే భార్యాభర్తల్లా కలిసి ఉంటున్న, 18 ఏళ్లు దాటిన జంటకు ఇస్తారు. సాక్షులు అక్కర్లేదు. ఆ రికార్డును దంపతులు తప్ప బయటివాళ్లు కోర్టు ఉత్తర్వు లేకుండా చూడలేరు.

దరఖాస్తు మొత్తంలో ఎక్కువ జాగ్రత్త అవసరమైంది పేర్ల గడి. పెళ్లి తర్వాత వాడబోయే పేరు ఏమిటో లైసెన్సు మీదే రాయమంటారు. 2007లో కాలిఫోర్నియా చేసిన పేరు సమానత్వ చట్టం 2009లో అమల్లోకి వచ్చినప్పటి నుంచి భర్తకైనా భార్యకైనా ఈ హక్కు సమానం. భాగస్వామి ఇంటిపేరు తీసుకోవచ్చు, పుట్టింటి పేరుకు తిరిగి వెళ్లవచ్చు, రెండూ కలుపుకోవచ్చు, ఏదీ మార్చుకోకపోవచ్చు. అయితే అక్కడ రాసింది తర్వాత మనసు మారిందని దిద్దరు, రాతలో దొర్లిన పొరపాటునే సరిచేస్తారు. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు వల్ల ఇక్కడే చిక్కులొస్తాయి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవారికి అమెరికా వీసాలో అసలు పేరు ఇంటిపేరు స్థానంలోకి పోయి, పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు మూడింటిలో మూడు రకాల పేర్లుంటే ఆ తర్వాత ప్రతి ఆఫీసులోనూ సంజాయిషీ ఇచ్చుకోవాలి. కౌంటీకి వెళ్లకముందే పాస్‌పోర్టు సరిచేయించుకోవడం మేలు.

పెళ్లి నాడు, ఆ తర్వాత

పెళ్లి జరిపించే అర్హత కాలిఫోర్నియాలో ఏ మతానికి చెందిన పురోహితుడికైనా, 18 ఏళ్లు నిండితే, ఉంది. న్యాయమూర్తులకూ, కౌంటీ నియమించే కమిషనర్లకూ ఉంది. స్నేహితుడినో బంధువునో ఒక్క రోజు డిప్యూటీ కమిషనర్‌గా నియమించే ఏర్పాటు కూడా చాలా కౌంటీల్లో ఉంది. మామూలు లైసెన్సుకు కనీసం ఒక సాక్షి సంతకం కావాలి, గరిష్ఠంగా ఇద్దరికే చోటుంటుంది. నల్ల సిరాతో రాయాలి, కొట్టివేతలు పనికిరావు. తలంబ్రాల హడావిడిలో ఈ కాగితం ఎవరి చేతిలో ఉందో మరిచిపోయే కుటుంబాలు తక్కువేమీ కాదు. నిండిన పత్రాన్ని పెళ్లి జరిపించినవారు పది రోజుల్లోగా, లైసెన్సు ఇచ్చిన కౌంటీకి చేర్చాలి. ఈ బాధ్యత పురోహితుడిదే, దంపతులది కాదు. ఆయన ఆలస్యం చేసినంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని చట్టంలో ఉంది, కానీ రికార్డు లేకపోతే రుజువు ఉండదు. పత్రం దారిలో పోతే ఏడాదిలోపు డూప్లికేట్ తీసుకునే వీలుంది.

రికార్డు నకళ్లు

కాలిఫోర్నియాలో రికార్డు పెళ్లి జరిగిన చోట ఉండదు, లైసెన్సు ఇచ్చిన కౌంటీలో ఉంటుంది. శాన్ హోసేలో లైసెన్సు తీసుకుని లివర్‌మోర్ శివ విష్ణు ఆలయంలో పెళ్లి చేసుకున్న జంటను తీసుకోండి. ఆలయం అలమీడా కౌంటీలో ఉన్నా రికార్డు శాంటా క్లారా కౌంటీలోనే దొరుకుతుంది. రాష్ట్ర ప్రజారోగ్య శాఖ దగ్గర కూడా కొన్ని సంవత్సరాల రికార్డులున్నాయి, అన్నీ లేవు. అందుకే కౌంటీని అడగడమే సులువు.

నకళ్లు రెండు రకాలు. గుర్తింపుకు పనికొచ్చే సర్టిఫైడ్ కాపీ దంపతులకు, వారి తల్లిదండ్రులకు, పిల్లలకు, తోబుట్టువులకు, వారి తరఫు న్యాయవాదులకు, చట్టం పేర్కొన్న మరికొందరికి మాత్రమే ఇస్తారు. మిగతా ఎవరు అడిగినా సమాచారం కోసమేనని ముద్ర వేసిన కాపీ వస్తుంది, దాన్ని ఏ ఆఫీసూ గుర్తింపుగా ఒప్పుకోదు. తపాలాలో అడిగేటప్పుడు తాము అర్హులమని రాసే ప్రమాణపత్రం మీద నోటరీ ముందు సంతకం చేయాలి. రుసుము కౌంటీని బట్టి మారుతుంది. భారతదేశంలో పెళ్లయి అక్కడికి వెళ్లినవారికి ఏ అమెరికా కౌంటీ దగ్గరా రికార్డు ఉండదు. వాళ్లు తమ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసునే ఆశ్రయించాలి.

అమెరికా కాగితాన్ని భారతదేశంలో వాడాలంటే అపోస్టిల్ కావాలి. 1961 హేగ్ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది. కౌంటీ ఇచ్చిన సర్టిఫైడ్ కాపీ మీది అధికారి సంతకాన్ని రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ధ్రువీకరించి ముద్ర వేస్తారు. గ్రీన్‌కార్డు దరఖాస్తులోనూ, హెచ్-4 వీసాకూ, పాస్‌పోర్టులో భాగస్వామి పేరు చేర్చడానికీ ఈ సర్టిఫైడ్ కాపీయే వివాహ రుజువు. యూటా రాష్ట్రంలోని యూటా కౌంటీ లైసెన్సునూ పెళ్లినీ వీడియో ద్వారానే జరిపిస్తుండటంతో వేర్వేరు దేశాల్లో ఉన్న జంటలూ దాన్ని వాడుకుంటున్నాయి. ఇక్కడ ఒక హెచ్చరిక: పెళ్లి వేళ ఇద్దరూ ఒకే చోట లేకపోతే, ఆ తర్వాత దంపతులుగా కలిసేదాకా అమెరికా వలస చట్టం ఆ పెళ్లిని గుర్తించదు.

క్లర్క్ కలం

ఈ ఆఫీసు చేతిలో ఎంత అధికారం ఉండేదో చరిత్ర చెబుతుంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయకు పొలం పనులకు వచ్చిన పంజాబీలు అక్కడి మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. తెల్లవారు నల్లవారినీ, ఆసియన్లనూ పెళ్లాడటాన్ని నిషేధించే చట్టం అప్పుడు అమల్లో ఉంది. వధూవరుల రంగు ఏమిటో నిర్ణయించేది కౌంటర్ దగ్గరి క్లర్క్. ఇద్దరి చర్మమూ ఒకేలా కనబడితే లైసెన్సు వచ్చేది, లేకపోతే మరో కౌంటీకి పోవలసిందే. భారతీయ వలసదారుల కుటుంబాలు ఆ దేశంలో వేళ్లూనుకున్న తీరు తెలుసుకోవాలంటే ఆ కౌంటీల వివాహ రిజిస్టర్లు తప్పక చూడాలి.

ఆ చట్టాన్ని కూల్చింది కూడా లైసెన్సు కోసం వేసిన దావాయే. మెక్సికన్ మూలాలున్న ఆండ్రియా పెరెజ్‌కూ, నల్లజాతీయుడైన సిల్వెస్టర్ డేవిస్‌కూ లాస్ ఏంజెలెస్ కౌంటీ క్లర్క్ లైసెన్సు నిరాకరించారు. 1948 అక్టోబర్ 1న కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో నిషేధాన్ని కొట్టేసింది. దేశమంతటా ఆ రకం చట్టాలు పోవడానికి మరో 19 ఏళ్లు పట్టింది, 1967లో లవింగ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు దాకా. దీనికి మరో వైపూ ఉంది. 2004లో శాన్ ఫ్రాన్సిస్కో సుమారు 4,000 స్వలింగ జంటలకు లైసెన్సులిస్తే, స్థానిక అధికారులకు చట్టాన్ని పక్కనపెట్టే హక్కు లేదంటూ కాలిఫోర్నియా సుప్రీంకోర్టే అవన్నీ చెల్లవని తేల్చింది. 2015లో స్వలింగ వివాహాలు దేశమంతటా చట్టబద్ధమయ్యాక, లైసెన్సు ఇవ్వనని పట్టుబట్టిన కెంటకీలోని రోవాన్ కౌంటీ క్లర్క్ కిమ్ డేవిస్ కోర్టు ధిక్కారం కింద జైలుకు వెళ్లారు. క్లర్క్ నమ్మకాలతో లైసెన్సుకు సంబంధం ఉండకూడదనే దిశగానే చట్టం నడిచింది, అదే న్యాయం.

కౌంటీ కాగితాలకు నష్టం జరిగితే తిరిగి రాబట్టడం కష్టం. 1906 ఏప్రిల్ భూకంపం, మంటల్లో శాన్ ఫ్రాన్సిస్కో పాత వివాహ రికార్డుల్లో చాలా భాగం బూడిదైంది. అమెరికాలో పెళ్లి చేసుకుంటున్న తెలుగు జంటలు రిజిస్ట్రేషన్ పూర్తికాగానే రెండు మూడు సర్టిఫైడ్ కాపీలు తెప్పించుకుని, ఒకటి ఇండియాలోని తల్లిదండ్రుల దగ్గర ఉంచాలి. లైసెన్సు ఇచ్చిన కౌంటీ పేరు, తేదీ విడిగా రాసిపెట్టుకోవాలి. వీసా ఇంటర్వ్యూ తేదీ వచ్చాక వెతుక్కునే పని కాదిది.