కొత్వాలు గారి హాస్టలు

మా కోనసీమలో ఉప్పు సత్యాగ్రహం మాట వస్తే పెద్దలు ముందుగా బులుసు సాంబమూర్తి గారిని తలచుకొనేవారు. 1930లో అమలాపురం నుండి కాకినాడ సముద్రతీరానికి వెళ్ళాలంటే గోదావరి పాయలను పడవల మీద దాటవలసిందే. ఆ ఏడు కాకినాడ సత్యాగ్రహానికి నైజాం రాష్ట్రం నుండి కూడా ఒక యువకుడు వచ్చి చేరాడని మా ప్రాంతంలో ఎక్కువమందికి తెలియదు. ఆయన రావి నారాయణరెడ్డి. భువనగిరి దగ్గర బొల్లేపల్లి వాస్తవ్యుడు. అప్పటికి ఇరవై రెండేళ్ళవాడు. తరువాతి కాలంలో తెలంగాణ సాయుధ పోరాటానికి నాయకత్వం వహించినది ఈయనే.

ఈ యువకుడు హైదరాబాదులో చదువుకున్నది రెడ్డి హాస్టలులో ఉండి. ఆ హాస్టలుకు మూలపురుషుడు ఎవరయ్యా అంటే, నిజాము ప్రభువు గారి నగర కొత్వాలు, రాజా బహద్దూర్ వేంకటరామారెడ్డి. ప్రభువు మీద ఎవరు ఏమి తలపెడుతున్నారో కనిపెట్టి ఉండవలసిన ఉద్యోగి నీడనే ప్రభుత్వాన్ని ధిక్కరించే పిల్లలు పెరిగారు. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి? చాలాకాలంగా నన్ను వదలని ప్రశ్న ఇది.

కొత్వాలు అన్న మాట వినగానే తురకమాట అనుకుంటాము. పారసీకం ద్వారా వచ్చినా దాని పుట్టుక సంస్కృత 'కోట్టపాల' శబ్దం అంటారు. కోటను కాచేవాడు. మన కావ్యాలలో తలవరి, ఊళ్ళలో తలారి చేసిన పని అదే. అయితే హైదరాబాదు కొత్వాలును తలారితో పోల్చితే నవ్వుతారు. నగర పోలీసు వ్యవస్థ జిల్లాల పోలీసుతో కలవక వేరుగా ఉండేది. కొత్వాలుకు నేరుగా ప్రభువుతోనే సంబంధం. దొంగలను పట్టడం దగ్గర నుండి ఊరేగింపులకు దారి చూపడం, ఉమరావుల ఇళ్ళలోని గుసగుసలు ప్రభువు చెవిన వేయడం దాకా ఆయన పనే.

ఏకపార్టీ రాజ్యమంటే మనకు రష్యా, చైనాలు గుర్తుకు వస్తాయి. నైజాములో ఆ ఒక్క పార్టీ కూడా లేదు. ప్రభువు ఉన్నాడు, ఆయన ఫర్మానా ఉన్నది. 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీఖాను 1919లో ఒక కార్యనిర్వాహక సభను ఏర్పాటు చేసి, సర్ అలీ ఇమామును దానికి అధ్యక్షుణ్ణి చేశాడు గాని, కడపటి మాట మాత్రం తనదే. 1931 నాటికి కోటీ నలభై లక్షలు దాటిన ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారు. రాజభాష ఉర్దూ. సభ పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి పొందవలసిందే. దానికి 'గస్తీ నిషాన్ 53' అని ఒక ఆజ్ఞాపత్రం. గ్రంథాలయ వార్షికోత్సవానికి కూడా అధికారి ముందు చేతులు కట్టుకొని నిలబడవలసిన రోజులవి.

అటువంటి రాజ్యంలో వేంకటరామారెడ్డి పైకి వచ్చిన తీరు విశేషమైనది. 1869 ఆగస్టు 22న పాలమూరు సీమలో, వనపర్తి సంస్థానానికి చెందిన రాయణిపేటలో పుట్టాడు. చిన్ననాడే పోలీసు శాఖలో అమీనుగా చేరాడు. జిల్లాలలో పనిచేసి, కొంతకాలం వనపర్తి సంస్థాన వ్యవహారాలు చక్కబెట్టి, నగరానికి వచ్చి కొత్వాలు ఇమాద్ జంగు వద్ద సహాయకుడయ్యాడు. ఇమాద్ జంగు మరణానంతరం 1920లో ఆ పీఠం ఆయనకు దక్కింది. ముస్లిము ప్రభువుల రాజధానిలో, ముస్లిము ఉమరావులు తమదనుకొనే పదవిలో ఒక పల్లెటూరి తెలుగు హిందువు కూర్చున్నాడన్నమాట! పదునాలుగేళ్ళు కూర్చున్నాడు. ఉద్యోగం విడిచేనాటికి అరవై అయిదేళ్ళు. ప్రభువు రాజా బహద్దూర్ అన్నాడు, ఇంగ్లీషువారు ఓ.బి.ఇ. ఇచ్చారు. ఇద్దరు యజమానులకూ నచ్చడం సామాన్య విషయం కాదు.

హాస్టలు సంగతి దానికి ముందే మొదలయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంతో వెలిసింది. అదే సంవత్సరం రెడ్డి హాస్టలూ పుట్టింది. పల్లెల నుండి చదువుకు వచ్చే తెలుగు పిల్లలకు నగరంలో తల దాచుకొనే చోటు లేదు. వనపర్తి రాజా గారి వంటి సంపన్నులు విరాళమిచ్చారు. కుల వసతిగృహమేమిటని ఈనాడు మనం ముఖం చిట్లించవచ్చు. కాని రాజకీయ సంఘానికి తావులేని రాజ్యంలో కులం పేరు, చదువు పేరు చెప్పుకొన్న సంస్థను అనుమానించేవారు తక్కువ. పైగా కొత్వాలు గారే పెద్దదిక్కు అయినచోట సోదా చేయడానికి వచ్చేదెవరు?

1924లో ఆ హాస్టలు బాధ్యత సురవరం ప్రతాపరెడ్డి గారి చేతికి వచ్చింది. వకీలు చదువు చదివినవారు, సంస్కృతాంధ్రాలలో దిట్ట. 1932 వరకు అక్కడ ఉన్నారు. ఆ మధ్యకాలంలోనే, 1926 మే 10న, గోలకొండ పత్రిక ప్రారంభమయింది, వారానికి రెండుసార్లు వెలువడేది. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిన సంపాదకుడు ఆయనే. ఆ సంచికను నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటిసారి తిరగవేసి సిగ్గుపడ్డాను. రాజమండ్రి దాటి పడమటికి పోతే కవిత్వం లేదన్నట్లుగానే మాకు పాఠాలు చెప్పారు మరి.

ఇక 1930 చూడండి. మార్చిలో జోగిపేటలో ప్రథమ ఆంధ్ర మహాసభ. అధ్యక్షుడు సురవరం. కొత్వాలు గారు పెద్దదిక్కుగా ఉన్న హాస్టలును నడిపే మనిషి తెలుగువారి మొదటి మహాసభకు అధ్యక్షత వహిస్తున్నాడు. సభలో రాజకీయం పేరెత్తలేదు. చదువు, గ్రంథాలయాలు, సంఘ సంస్కారం మాత్రమే. తరువాతి నెలలలో రావి నారాయణరెడ్డి కాకినాడ వచ్చాడు. ప్రభువుకు ఇవి తెలియవని అనుకోలేము. తెలియజేయవలసినవాడు వేంకటరామారెడ్డియే కదా!

ఆయనను రహస్య దేశభక్తుణ్ణి చేసి పొగడే వారున్నారు. నాకది నచ్చదు. ఆయన ప్రభుభక్తుడు. ఆ భక్తిలో కపటముందని నేను అనుకోను. ఉద్యోగ విరమణ తరువాత కూడా నిజాము సొంత జాగీరు వ్యవహారమైన సర్ఫెఖాసులో ప్రత్యేకాధికారిగా పనిచేశాడు. ఏ పన్నులతో రైతులు నలిగారో ఆ సొమ్ము లెక్కలే అవి. మరికొందరు ఆయనను నిరంకుశుని చేతికర్ర అని తీసివేస్తారు. అదీ చాలదు. చేతికర్రలు పిల్లలకు అన్నం పెట్టి చదివించవు.

ఈ తీర్పు చెప్పడానికి నేనెంతవాణ్ణి? ముప్పై మూడేళ్ళు జీతం తీసుకొన్న పంతులును. ఒకసారి పాఠశాల గోడపత్రికలో పదవ తరగతి పిల్లవాడు, రాబోయే ఒక పెద్దమనిషి గురించి ఘాటుగా వ్రాశాడు. వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. పైవారి కబురు రాగానే ఆ కాగితం నేనే తీసి మడిచి సంచిలో పెట్టుకొన్నాను. తరువాత ఆ పిల్లవాడికి మంచి నిఘంటువు ఒకటి కొనిచ్చాను. వాడు తీసుకొన్నాడు గాని నా ముఖం చూడలేదు. వేంకటరామారెడ్డి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ నిఘంటువు గుర్తుకు వస్తుంది. ఆయన కట్టిన హాస్టలు ఎంత పెద్దదో, నా నిఘంటువు ఎంత చిన్నదో నాకు తెలుసు. రెండూ ఒకే జాతివి కావచ్చునేమోనన్న సందేహం మాత్రం పోదు.

సురవరం వారు ఆయన జీవితచరిత్ర వ్రాశారు. ఆశ్రయమిచ్చినవాని గురించి ఆశ్రితుడు వ్రాసినదన్న ఎరుకతో దాన్ని చదవాలి. కృతజ్ఞత చరిత్రకారుని కలానికి కొంత బరువే.

1948 సెప్టెంబరులో అయిదు రోజుల సైనిక చర్యతో నిజాము ఏలుబడి ముగిసింది. వృద్ధుడైన మాజీ కొత్వాలు అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్ళవాడు. తాను కాపాడిన కోట పడిపోవడం చూశాడు. 1952 సార్వత్రిక ఎన్నికలలో నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి లోక్‌సభకు నెగ్గాడు. నెహ్రూ గారికి వచ్చిన ఓట్లకంటే ఆయనకు వచ్చినవే ఎక్కువ. హాస్టలు పిల్లవాడు ఢిల్లీలో సభ్యుడై కూర్చున్న ఆ కాలంలోనే, 1953 జనవరి 25న, వేంకటరామారెడ్డి కన్నుమూశాడు. అదే ఏడు ఆగస్టులో సురవరం వారూ వెళ్ళిపోయారు.

హైదరాబాదు నారాయణగూడలో 1954లో స్థాపించిన మహిళా కళాశాలకు వేంకటరామారెడ్డి పేరు పెట్టారు. ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకొని ఆ పేరు కిందనుండి లోపలికి వెళతారు. అదే నగరంలో పోలీసు అధికారులకు శిక్షణ ఇచ్చే అకాడమీకీ ఆయన పేరే ఉన్నది.