స్కేలు చేతులు మారింది

ఆడపిల్ల బట్టల మీద ఇరుగమ్మ, పొరుగమ్మ ఓ మాట అనడం మనకి కొత్తేం కాదు. సాక్షాత్తూ సర్కారే స్కేలు పట్టుకుని బయల్దేరితే? దక్షిణ కొరియాలో అదీ జరిగింది.

1967లో యూన్ బోక్ హీ అనే గాయని మినీ స్కర్టుతో జనం ముందుకొచ్చింది. కుర్రపిల్లలు మురిసిపోయారు. పెద్దలు ముక్కున వేలేసుకున్నారు. 1973లో పార్క్ చుంగ్ హీ ప్రభుత్వం ఏకంగా చట్టమే తెచ్చింది. పోలీసులు నడివీధిలో ఆడపిల్లల్ని ఆపి స్కర్టులు కొలిచేవారు. మగపిల్లల్ని వదిలారా? జుట్టు పెంచితే కత్తెరే!

మరి ఇప్పుడో? రంగు జుట్టూ, చెవిపోగులూ, మేకప్పుతో పాడే బీటీఎస్ కుర్రాళ్లని 2021లో దేశాధ్యక్షుడే వెంటబెట్టుకుని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్లాడు. మగవాడి జుట్టు కత్తెర తప్పించుకుంది.

ఆడపిల్ల మాటేమిటి? 2018లో రెడ్ వెల్వెట్ బృందం గాయని ఐరీన్ ఓ నవల చదివానంది. అంతే! చో నామ్ జూ రాసిన ఆ నవల ఓ మామూలు ఇల్లాలి కథ. అభిమానులమనుకునే కొందరు మగవాళ్లు ఐరీన్ ఫొటోలు తగలబెట్టారు.

పోలీసు పారేసిన స్కేలు అభిమాని ఏరుకున్నాడన్నమాట. అప్పుడు మోకాలి దగ్గర కొలిచారు, ఇప్పుడు పుస్తకాల అలమర దగ్గర!