సాని

చిలకలగూడ రైల్వే క్వార్టర్లలో మా లైనంతటికీ ఒకటే పంపు. మా వెనక లైన్లో ఒంటరిగా ఉండే ఒకామె చేతులమీదుగానే అక్కడి పిల్లలు చాలామంది పుట్టారు. నొప్పులు మొదలైన రాత్రి తలుపు తట్టేవాళ్ళకి ఆమె మంత్రసానమ్మ. ఒకరోజు పొద్దున బిందెల వరస దగ్గర తగువొచ్చింది. "పోవే సానిదానా" అనేసింది, ఆ నెలలోనే ఆమె చేత పురుడు పోయించుకున్న బాలింత. నాకప్పుడు పదేళ్ళుంటాయి. రాత్రి మంత్రసాని పొద్దుటికి సాని ఎట్లయిందని నాయనమ్మని అడిగితే వీపు మీద ఒకటి పడింది.

నాయనమ్మ నల్లగొండ పల్లెనుంచి వచ్చిన మనిషి. గడీలో దొరసాని మాటొస్తే చచ్చేదాకా గొంతు తగ్గించే మాట్లాడేది. ఒకే మాటకి వణుకూ, అవసరమూ, తిట్టూ!

స్వామిని అనే సంస్కృత పదం వాడుకలో అరిగి సాని అయింది. యజమానురాలు, ఏలిక అని అర్థం. కాకతీయుల తొలినాళ్ళ కథ చెప్పే గూడూరు శాసనంలో విరియాల కామసాని కనిపిస్తుంది. పసివాడైన బేతరాజుకి అనుమకొండ దక్కేలా చాళుక్య చక్రవర్తి దగ్గర చక్రం తిప్పింది ఆమే. అక్కడ పేరు చివర సాని అంటే గౌరవం. తీరాంధ్ర ఆలయ శాసనాల్లో గుడిసానులున్నారు, 'సాని మున్నూరు' అనే సమూహం ఉంది. వీళ్ళు గుడి సేవలో ఉన్న స్త్రీలు. తమ సొమ్ముతో దేవుడికి దానాలిచ్చి రాళ్ళమీద పేర్లు చెక్కించుకున్నవాళ్ళూ వీళ్ళలో ఉన్నారు. అదంతా స్వర్ణయుగమని నేననను. ముక్కుపచ్చలారని పిల్లల్ని దేవుడికి అంకితం చేసిన ఆచారం చిన్న విషయం కాదు. కానీ ఆ రాళ్ళమీద సాని తిట్టు కాదు.

1897లో కన్యాశుల్కం అచ్చయ్యేనాటికి వాడుకలో సాని అంటే వేశ్యే. వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు నాచ్ వ్యతిరేకోద్యమం నడిపిన కాలమది. సంస్కర్తలు ఆచారాన్ని తిట్టారు, జనం మనుషుల్ని తిట్టారు. ఈ రెంటికీ దూరం ఎంతో నాకెప్పుడూ తేలలేదు.

అదే మాటకి మగరూపం స్వామి. గుళ్ళో, మఠంలో ఇప్పటికీ దానికి దణ్ణాలే. సానికి మాత్రం ముందొక మాట తోడుండాలి. దొర ఉంటే దొరసాని, మంత్రం ఉంటే మంత్రసాని. తోడు లేకుండా నిలబడితే పంపు దగ్గర విన్నదే. గుడిసానికీ ముందు గుడి ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ దానమిచ్చిన సొమ్ము ఆమెది.

బాయి సంగతీ ఇలాంటిదే. లక్ష్మీబాయి, రమాబాయి అన్నచోట మర్యాద, మెహఫిల్ చుట్టూ మరో అర్థం. మా సీతాఫల్‌మండి దాటితే వచ్చే అడిక్‌మెట్ ఒకప్పుడు మాహ్ లఖా బాయి చందా జాగీరు. 1768లో పుట్టి 1824లో పోయిన ఈమె ఉర్దూ గజళ్ళ దివాన్ ఉన్న కవయిత్రి, నిజాం దర్బారులో బిరుదులూ భూములూ పొందిన తవాయిఫ్. ఆ జాగీరు నేలమీద తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. అక్కడ చదువుకున్న నాకు, చదువుతున్నన్నాళ్ళూ ఎవరూ ఆ సంగతి చెప్పలేదు.

దేవదాసీల ఇనాం భూములను గుడి సేవ షరతు నుంచి విడదీసే చట్టం మద్రాసు రాష్ట్రంలో 1929లో, అంకితాన్ని నిషేధించే చట్టం 1947లో వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 1988లో మరో చట్టం చేసింది. ఈలోగా కోస్తా కళావంతులు సూర్యబలిజలమని పేరు మార్చుకున్నారు. పేరు వదిలించుకోవాల్సిన పని వాళ్ళ దగ్గరికి వెళ్ళిన మగవాళ్ళకి మాత్రం పడలేదు.

మా లైన్లో ఆ బాలింతకి రెండో కాన్పు కూడా ఆమే చేసింది. ఆ రాత్రి తలుపు తట్టి ఏమని పిలిచారో నేను వినలేదు.