వానలసీమలో నీటి లెక్క

ఖరగపూరునుండి హౌరాకు రైలులో వచ్చు మన తెలుగువారు త్రోవపొడుగునను వరిపొలములను చూచుచునే యుందురు. ఆ ప్రాంతమున మిడ్నపూరునుండి ఉలుబేరియావరకు పూర్వము త్రవ్వబడిన కాలువ యొకటి కలదు. ఆ కాలువకును మన గోదావరికిని చుట్టరికము కలదని యెరిగినవారు కొలదిమంది.

సర్ ఆర్థర్ కాటన్ 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టించి గోదావరి మండలమునకు అన్నము పెట్టినాడు. 1858లో ఆయన ఒరిస్సాకు వచ్చి, మహానదీ ముఖమునగూడ అట్టి పని చేయవచ్చునని సలహా యిచ్చెను. ఆ తలంపుతో ఈస్టిండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పని నారంభించెను. మిడ్నపూరు కాలువ యా పథకములోని భాగమే. నీటిని రైతులకు విక్రయించి లాభము గడింపవచ్చునని కంపెనీవారి యాశ.

కాని రైతులు నీటిని కొనలేదు. కటకము ప్రాంతమున ఏటికి సుమారు 1,500 మిల్లీమీటర్ల వాన కురియును. ఆకాశ మూరక యిచ్చు నీటికి పన్నేల యని వారి ప్రశ్న. 1868 చివర కంపెనీ పనులను ప్రభుత్వమే కొనవలసివచ్చెను.

అట్లయిన ఆ సీమకు నీరక్కరలేదా? 1865లో సెప్టెంబరు నడుమనే వానలు నిలిచిపోయెను. హస్త, చిత్త కార్తెలలో పొట్టమీదనున్న వరి యెండెను. మరుసటి యేటి కరవులో ఒరిస్సాలో సుమారు పదిలక్షలమంది మరణించిరని చెప్పుదురు. నీరక్కరలేదన్న సీమలోనే నీరులేక ఇంత ఘోరము జరిగెను!

ఈ చిక్కు ముడి సగటులో నున్నది. ఒక చిన్న లెక్క చూడుడు. వరిచేనికి, ఆవిరిగా పోవునదియు నేలలోని కింకునదియు కలిపి, రోజునకు 8 మిల్లీమీటర్ల నీరు కావలెననుకొందము. ముప్పది దినములకు 240 అగును. ఆ నెలలో 300 మిల్లీమీటర్ల వాన కురిసినచో, కాగితముమీద 60 మిగులు, కాలువ యనవసరము. కాని యా వాన యంతయు మొదటి నాలుగు దినములలోనే కురిసినచో? ఆ దినముల వాడుక 32 పోగా, గట్టు 100 మిల్లీమీటర్లు మాత్రమే నిలుపగలదనుకొనిన, తక్కిన 168 పొర్లిపోవును. నిలిచిన నీరు పండ్రెండు దినములకు మించి రాదు. నెలాఖరువరకు ఇంకను 108 మిల్లీమీటర్లు కాలువయే యియ్యవలెను.

మరియొక చిక్కు కలదు. ఒక క్యూసెక్కు నీరు దినమంతయు పారినచో, దారిలో నష్టము లేకున్నను, ఈ లెక్కన సుమారు 75 ఎకరములకే చాలును. వాన తప్పినప్పుడు రైతులందరు నొక్కసారిగా నీరడుగుదురు. కావున కాలువ వెడల్పును సగటు సంవత్సరమునుబట్టి కాక, వరుసగా వానలేని దినములనుబట్టి నిర్ణయింపవలెను. అందుకు దినదినము కురిసిన వాన లెక్క కావలెను. 1864 నాటి కలకత్తా తుపాను, 1866 నాటి కరవు మున్నగు ఉత్పాతముల పిమ్మట, 1875లో భారత వాతావరణ శాఖ యీ నగరమందే స్థాపింపబడెను. బ్లాన్‌ఫోర్డు దాని ప్రథమాధికారి. పంట పీల్చు నీటిని ఎండ, గాలి, తేమలనుబట్టి గణించు మార్గమును పెన్‌మన్ 1948లో ఇంగ్లండులో చూపెను. ఆ మార్గమునే సంస్కరించి 1998లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రకటించినది.

లెక్క తప్పినచో భారము రైతుపైననే పడును. 1933లో దామోదర్ కాలువ వచ్చిన పిమ్మట, 1935 నాటి చట్టముక్రింద విధించిన పన్నుపై బర్ద్వాను రైతులు ఉద్యమించిరి. వాన కురిసిన యేట పన్ను కట్టుటకు మనసొప్పదు. కురియని యేట నీరు చాలదు. 1948లో ఏర్పడిన దామోదర్ లోయ సంస్థకును, వరదల నరికట్టుటకై జలాశయమును ఖాళీగా నుంచుటయా, పైరులకై నింపి యుంచుటయా యను ధర్మసంకటము తప్పలేదు. బోరో వరి విస్తరించినకొలదిని నీటి యక్కర వేసవికి జరిగినది.

గోదావరి గట్టున పుట్టి హుగ్లీ గట్టున బ్రతుకుచున్న మనకు ఈ కథ పరాయిది కాదు. కాటన్ దొర నిర్మాణకౌశలమునందు లోపము లేదు. ఒక నదికి సరిపోయిన లెక్క మరియొక నదికి సరిపోవుననుటయే లోపము. ఎంత వాన కురియునని గాక, ఏ దినమున కురియదని యడుగుటయే వానలసీమలో నీటి లెక్కకు మొదటి పాఠము.